సద్దుల బతుకమ్మ శనివారం కోసం ఆగదు

2024లో సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10, గురువారం. 2025లో సెప్టెంబర్ 30, మంగళవారం. ఈ రెండేళ్ళూ ఇక్కడ అమెరికాలో నాకొచ్చిన ఆహ్వానాలన్నీ ఫోనులో అట్లనే ఉన్నాయి. వాటిలో గురువారానిది ఒక్కటీ లేదు, మంగళవారానిది ఒక్కటీ లేదు. అన్నీ శని, ఆదివారాలే. ఒక ఊరివాళ్ళు బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య రాకముందే బతుకమ్మ ఆడి సాగనంపేశారు. ఇంకో ఊరివాళ్ళు జమ్మి పంచుకోవడం కూడా అయిపోయిన వారానికి సద్దులు కలిపారు. ఎందుకమ్మా ఇట్లా అని అడిగితే "హాలు ఆ రోజే దొరికింది ఆంటీ" అన్నారు. గౌరమ్మ రావలసిన రోజును హాలు అద్దెకిచ్చేవాళ్ళు ఖాయం చేయడం నాకు మింగుడుపడదు. ఎన్నేళ్ళు గడిచినా పడదు.

మాది హనుమకొండ. మా రోజుల్లో పండుగకు ప్రయాణమంటే ఆడపిల్ల పుట్టింటికి రావడం. భాద్రపదం సగమయ్యేసరికి మా నాయన పెద్దక్కను తోలుకురావడానికి బస్సెక్కేవాడు. అక్క గడపలో కాలు పెట్టిందంటే ఇంట్లో పని మొదలైనట్టే. ముందు బొడ్డెమ్మ. పెళ్ళికాని పిల్లలం మట్టితో చేసుకుని, చుట్టూ తిరిగి ఆడుకునేవాళ్ళం. పెత్రమాస ముందురోజు తమ్ముళ్ళు, చిన్నాయన కొడుకులు చెలకల వెంట తిరిగి తంగేడు, గునుగు మోపులు కట్టుకొచ్చేవాళ్ళు. గునుగును కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం మా వంతు. గుమ్మడాకులు పరిచి వరుస మీద వరుస పేర్చే పని మాత్రం మా నాయనమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. మొదటి రోజు ఎంగిలిపూలకు వేయిస్తంభాల గుడి దగ్గర, చివరి రోజు సద్దులకు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత మంది. అంతమందిలోనూ పక్కన నిలబడి చూసే ఆడపిల్ల కనబడితే, ఎవరింటి పిల్ల అని కూడా అడగకుండా నాయనమ్మ చెయ్యి పట్టి వరుసలోకి లాగేది. "నువ్వు ఆడడానికి వచ్చినవా, చూడడానికి వచ్చినవా?" అనేది. చూడడానికి వచ్చానని చెప్పే ధైర్యం ఎవరికి ఉండేది?

ఇప్పుడు అందరూ చూడడానికే వస్తున్నారు. నా గొడవంతా అదే.

1965లో ఇక్కడి వలస చట్టం మారి, దేశాలవారీ కోటాలు పోయాక డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. ఆ తరం వెనకాల వచ్చినవాళ్ళం మేము. నేను ఒహాయోకి వచ్చేసరికి పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఇంకా కొత్త. 1977 జూన్‌లో ప్రతిష్ఠ జరిగింది. అదే ఏడు జులై 4న న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి గుడికి కుంభాభిషేకం చేశారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా తొలి మహాసభ కూడా ఆ ఏడాదే న్యూయార్క్‌లో జరిగింది. అంటే ఒక్క ఏడాదిలో మనవాళ్ళకు నిలబడడానికి ఇంత చోటు దొరికింది. మేముండే కొలంబస్ నుంచి పెన్‌హిల్స్‌కి కారులో మూడు గంటల పైమాటే. దసరా రోజుల్లో వెళ్ళేవాళ్ళం. వీలింగ్ దాటాక కొండల మీద చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారి ఉండేవి. గుడి కింద క్యాంటీన్‌లో పులిహోర తిని, ఇంకో రెండు పొట్లాలు దారికి కట్టించుకుని, రాత్రికి రాత్రి తిరిగొచ్చేవాళ్ళం. పొద్దున్నే మా ఆయనకు డ్యూటీ ఉండేది.

బతుకమ్మకు గుడి అక్కరలేదు. కావలసింది పూలు, నీళ్ళు, పదిమంది ఆడవాళ్ళు. మూడూ కరువే అప్పుడు. పంచాంగం మా నాయన పోస్టులో పంపేవాడు. అమావాస్య ఘడియలు చూసి, అందులోంచి తొమ్మిదిన్నర గంటలు తీసేసి, కొలంబస్‌లో ఎంగిలిపూలు ఏ సాయంత్రమో మా ఆయన క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి పెట్టేవాడు. తంగేడు లేదు. కానీ సెప్టెంబర్‌లో ఇక్కడ రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ విరగబూస్తుంది. నది దాటితే వచ్చే కెంటకీకి అది రాష్ట్రపుష్పం కూడా. తంగేడు కాదు, రంగు మాత్రం తంగేడుదే. గునుగు జాతి మొక్కలను నర్సరీల్లో సెలోషియా అని అమ్ముతారు. మే నెలలోనే నారు తెచ్చి పెరట్లో పెంచేదాన్ని. చామంతులు ఇక్కడ ఆకురాలు కాలం పువ్వే, ప్రతి కిరాణా దుకాణం ముందూ కుండీలు పేరుస్తారు. అక్టోబర్ నడుముకు వచ్చేసరికి రాత్రుళ్ళు మంచు పడి పెరడంతా మాడిపోయేది. పండుగ ఆలస్యంగా వచ్చిన ఏడు, సాయంత్రం కాగానే దుప్పట్లు తెచ్చి మొక్కల మీద కప్పేవాళ్ళం.

గుమ్మడాకుల కోసం దక్షిణాన పొలాలకు వెళ్ళేవాళ్ళం. హాలోవీన్‌కని అక్కడ ఎకరాలకెకరాలు గుమ్మడి వేస్తారు. ఆకులు మాకెందుకో తెలియకపోయినా ఒక ముసలి రైతు కోసుకోనిచ్చేవాడు. తర్వాత ఒక ఏడు పేర్చిన బతుకమ్మను తీసుకెళ్ళి చూపిస్తే, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

పండుగకు డేటన్ నుంచి ఒకరు, సిన్సినాటి నుంచి ఇద్దరు, క్లీవ్‌లాండ్ నుంచి ఒక కుటుంబం వచ్చేవాళ్ళు. నిజమే, మేమూ శనివారమే కలిసేవాళ్ళం. కానీ పెత్రమాస ఏ వారమైనా సరే, ఆ సాయంత్రం ఎవరింట్లో వాళ్ళు చిన్న పళ్ళెంలో నాలుగు వరుసలు పేర్చి, పిల్లల్ని చుట్టూ తిప్పి, దీపం పెట్టేవాళ్ళం. ఆ మాట ఒకరికొకరం ఫోను చేసి గుర్తుచేసుకునేవాళ్ళం. సద్దుల నాడు కూడా అంతే. శనివారం అందరం కలవడానికి. తిథి గౌరమ్మకు. ఈ రెండూ మేమెప్పుడూ కలిపేయలేదు.

కలిసినప్పుడు ఎవరి పని వాళ్ళకు ఉండేది. పులిహోర ఒకరు, పెరుగన్నం ఒకరు, నువ్వుల సద్ది ఒకరు, కొబ్బరన్నం ఒకరు, మలీద ఇంకొకరు. అంత దూరం నుంచి మోసుకొచ్చిన డబ్బాలు దింపకముందే పూల బుట్టలు దిగేవి. మొగవాళ్ళు కాడలు కోసేవాళ్ళు. పిల్లలు రంగులవారీగా వేరుచేసేవాళ్ళు. డేటన్ వదినకు పాటలు బాగా వచ్చు. మాకందరికీ తలా నాలుగు ముక్కలు వచ్చు. ఆ ముక్కలన్నీ కూర్చి ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. దాన్ని జిరాక్స్ తీసి పంచుకున్నాం. పాట మరిచిపోతే ఆగేవాళ్ళం, పక్కావిడ అందుకునేది. గొంతు బాగుందా లేదా అని ఎవరూ చూడలేదు. పాడకపోతే ఆట ఆగిపోతుంది కాబట్టి అందరూ పాడారు. చివర్న పార్కులో చెరువుకు తీసుకెళ్ళేవాళ్ళం. పార్కు ఆఫీసులో ముందే చెప్పి, ఉత్త పూలూ ఆకులే, ప్లాస్టిక్ ఏమీ లేదని నమ్మించి అనుమతి తెచ్చుకునేవాళ్ళం. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే చీరల మీద కోట్లు వేసుకుని, నీళ్ళలో వదిలి, మలీద పంచుకుని, అక్కడే నిలబడి ఒకరి యోగక్షేమం ఒకరు అడిగేవాళ్ళం.

ఆ రోజుల్లో పెద్ద తెలుగు సభల్లో బతుకమ్మకు దొరికే చోటు తక్కువ. ఒక కూచిపూడికీ ఒక హాస్యనాటికకూ నడుమ వేదిక మీద ఐదు నిమిషాలు. అది మాకు నొప్పిగా ఉండేది. తెలంగాణ ఉద్యమం సాగినకొద్దీ ఇక్కడి ఆడవాళ్ళూ బతుకమ్మలు ఎత్తుకుని పార్కుల్లోకి వచ్చారు. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు. ఆ వార్త విన్న రోజు నేను ఏడ్చాను. ఇక మన పండుగకు తిరుగు లేదనుకున్నాను.

ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో, అట్లాంటాలో బతుకమ్మంటే వేలమంది. ఆటలపోటీలు జరిగే అరీనాలు అద్దెకు తీసుకుంటున్నారు. అంతమంది మన ఆడపిల్లలు ఒక్కచోట చేరడం నాకూ సంతోషమే. కానీ లోపలికి వెళ్ళాక ఏం జరుగుతోందో చెబుతాను. పోయిన ఏడు ఒక పెద్ద నగరంలో మా బంధువుల పిల్ల రమ్మంటే విమానమెక్కి వెళ్ళాను. వాకిట్లో చేతికి పట్టీ కట్టారు. లోపల గోడంత తెర, దాని మీద ఇళ్ళమ్మేవాళ్ళ ప్రకటనలు, వీసా లాయర్ల ప్రకటనలు. హైదరాబాద్ నుంచి రప్పించిన యాంకరమ్మ మైకు పట్టుకుని "గట్టిగా చప్పట్లు" అంటోంది. పాట స్పీకర్లలోంచి వస్తోంది, ఎవరి నోట్లోంచీ రావడం లేదు. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి పాడినా నాకు వినబడదు. బతుకమ్మలకు పోటీ పెట్టారు, ఎత్తుకు బహుమతి. ఆ ఎత్తు కోసం లోపల థర్మాకోల్ పెట్టి, పైన బట్టపూలు అతికించారు. నడుమ పెద్ద బతుకమ్మ చుట్టూ తాడు కట్టారు, దగ్గరికి వెళ్ళి ఫొటో దిగాలంటే వరుసలో నిలబడాలి. వరుసలో నిలబడ్డవాళ్ళు ఎక్కువ, చుట్టూ తిరిగినవాళ్ళు తక్కువ. రాత్రి హాలు ఖాళీ చేసే గడువు తరుముకొస్తుంటే, పసిపిల్లలు ఆడుకునే గాలితొట్టిలో నీళ్ళు నింపి అందులో నాలుగింటిని ముంచి, మిగతావాటిని మూలకు నెట్టారు. నేను చూస్తుండగానే ఊడ్చే మనుషులు వచ్చి పసుపు గౌరమ్మతో సహా నల్ల సంచుల్లో వేశారు. వాళ్ళను ఏమనగలను? అది ఏమిటో వాళ్ళకు చెప్పినవాళ్ళెవరు?

వారం తిరగకుండా అదే పిల్ల ఇంకో రాష్ట్రంలో బతుకమ్మకు వెళ్ళింది. అక్కడికి ఒక పాటగాడు వస్తున్నాడట. ఆ పై వారం వేరే ఊళ్ళో దాండియా. ప్రయాణాలకు కొదవ లేదు. కానీ ఎక్కడా ఒక్క పువ్వు కాడ కోయలేదు, ఒక్క సద్ది కలపలేదు. ఇంట్లో ఎంగిలిపూల నాడు దీపం లేదు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అని రోజుకో నైవేద్యంతో సాగే తొమ్మిది రోజులను ఒక్క సాయంత్రంలోకి కుదించాక, ఆరో రోజు అలిగిన బతుకమ్మ ఎక్కడికి పోయింది? ఆ రోజు పేర్చకుండా, ఆడకుండా ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం పండుగలో భాగమని పిల్లలకు ఎవరు చెబుతారు?

మా మనవరాలిది ఇంకో దారి. లోకంలోని పండుగలన్నీ చూడాలని దానికి కోరిక. మంచి కోరికే. మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ చూసొచ్చింది. 1810లో ఒక యువరాజు పెళ్ళి వేడుకగా మొదలైన తిరునాళ్ళు అది. న్యూమెక్సికోలో ఆల్బుకర్కీ బెలూన్ల పండుగకు వెళ్ళింది. 1972లో ఒక షాపింగ్ సెంటర్ వాకిట్లో పదమూడు బెలూన్లతో మొదలై ఇప్పుడు ఐదువందల పైచిలుకు లేస్తున్నాయి. అదీ తొమ్మిది రోజులే. కిందటేడు మెక్సికో నగరానికి వెళ్ళి, చనిపోయినవాళ్ళ పండుగ ఊరేగింపు చూసి, ఎముకల గూళ్ళ వేషాల ఫొటోలు పంపింది. "ఎంత పాత ఆచారమో చూడు అమ్మమ్మా" అని రాసింది. ఆ పండుగ పాతదే. కానీ ఆ ఊరేగింపు 2016లో పుట్టింది. అంతకు ముందు ఏడు వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'స్పెక్టర్'లో అట్లాంటి ఊరేగింపు కల్పించి చూపించారు. అది చూసి యాత్రికులు అడుగుతారని నగరంవాళ్ళు నిజంగానే మొదలుపెట్టారు. చూసేవాళ్ళ కోసం పుట్టింది కాబట్టి ఊరేగింపు వారాంతంలో తీస్తారు.

అసలు పండుగ ఇంట్లో ఉంది. నేను కూరగాయలు కొనే మెక్సికన్ దుకాణం యజమానురాలు ప్రతి ఏడూ గల్లాపెట్టె పక్కన తన తల్లి ఫొటో పెట్టి చుట్టూ బంతిపూలు పేరుస్తుంది. నవంబర్ 1, 2 తేదీలు. ఆదివారమైనా, బుధవారమైనా అవే. బంతికి పుట్టిల్లు మెక్సికోనే. అక్కడి నుంచి సముద్రాలు దాటి మన పెరళ్ళకు చేరి, మన బతుకమ్మల్లో కూర్చుంది. నాకు బంతిపూలు కావాలంటే ఆవిడ దగ్గరే కొంటాను. సెప్టెంబర్‌లో నాకోసం ముందే తెప్పించి పెడుతుంది, తన పండుగకు ఇంకా నెల ఉన్నా. ఒకసారి మనవరాలిని ఆ దుకాణానికి తీసుకెళ్ళాను. మెక్సికో దాకా వెళ్ళి చూడని దాన్ని అక్కడ, మిరపకాయల బస్తాల పక్కన చూసింది.

ఇక సర్కిల్‌విల్ సంగతి చెప్పకపోతే నా కడుపుమంట తీరదు. కొలంబస్‌కు దక్షిణాన, కారులో గంటలోపే వస్తుంది ఆ ఊరు. గుమ్మడాకుల కోసం తిరిగిన రోజుల్లో తెలిసింది మాకు. 1903లో ఆ ఊరి మేయర్ జార్జ్ హాస్వెల్ తన ఆఫీసు ముందు మొక్కజొన్న చొప్ప, గుమ్మడికాయలు పేర్చి పెట్టాడు. పక్క దుకాణాలవాళ్ళూ చేయి కలిపారు. అట్లా మొదలైన పంప్‌కిన్ షో ఇప్పటికీ నడుస్తోంది. లోపలికి వెళ్ళడానికి రుసుము లేదు. నడివీధులు మూసేస్తారు. వెయ్యి పౌండ్లు దాటిన కాయలను తూకానికి తెస్తారు. ఊరి బేకరీ ఆరడుగుల వెడల్పు గుమ్మడి పై చేసి అద్దాల వెనక పెడుతుంది. ఆ షోకు లక్షల మంది వస్తారు. అది ఏ రోజు మొదలవుతుందో తెలుసా? అక్టోబర్ మూడో బుధవారం. శనివారంతో ముగుస్తుంది. బుధవారమే ఎందుకు, శనివారానికి మార్చరాదా అని ఒకసారి అక్కడ దుకాణం పెట్టిన ఒక పెద్దావిడను అడిగాను. నా మాట అర్థం కానట్టు చూసి, "అది మా పండుగ కదా" అంది. చిన్న ఊరు. గుమ్మడికాయ కోసం వారం నడుమ పనులు ఆపుకోగలిగింది. పద్మాక్షి గుండంలో బతుకమ్మలు వదిలిన మనం సాయంత్రం ఒక గంట ఆపుకోలేమా?

సెలవు దొరకదంటారు. మా రోజుల్లో నిజంగానే దొరికేది కాదు. దీపావళి అని అడిగితే పై ఆఫీసరుకు ఆ మాట పలకడమే వచ్చేది కాదు. జులై 4కు అమ్మే కాకరపువ్వొత్తులు కొని, తడి తగలకుండా బేస్‌మెంట్‌లో దాచి, దీపావళి రాత్రి గరాజు వాకిట్లో పిల్లలచేత కాల్పించేవాళ్ళం. పోలీసు కారు వెళితే గుండె దడదడలాడేది. ఇప్పుడో? 2022 జులై నుంచి ఒహాయో చట్టమే దీపావళిని పేరుపెట్టి చెప్పి, టపాసులు కాల్చుకోనిచ్చే రోజుల్లో చేర్చింది. వద్దనుకున్న ఊళ్ళు వద్దనుకోవచ్చు, అది వేరే సంగతి. న్యూయార్క్ నగర బడులు 2024లో దీపావళికి మూసేశారు. పెన్సిల్వేనియా అదే ఏడు, కాలిఫోర్నియా 2025లో దీపావళిని రాష్ట్రం గుర్తించే రోజుగా చట్టం చేశాయి. తపాలా శాఖ 2016లో దీపం బొమ్మతో స్టాంపు వేసింది. పరాయివాళ్ళు మన తిథికి తమ క్యాలెండర్‌లో చోటిస్తుంటే, మనవాళ్ళు ఆ తిథిని తీసి శనివారంలో పడేస్తున్నారు. మేం అడగడానికి భయపడ్డ రోజు మీకు చేతికి అందింది, వాడుకోరేం?

పెద్ద సంబరం మానేయమని నేను అనను. వేలమంది కలవాలి, కలవండి. కానీ దానికంటే ముందు అసలు తిథినాడు పార్కులోనో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో ఇరవై మందితో ఒక చిన్న బతుకమ్మ పెట్టండి. పెద్ద హాలులో మొదటి గంట స్పీకర్లు ఆపేయండి. పాట మరిచిపోతే మరిచిపోనివ్వండి, ఎవరో అందుకుంటారు. పోటీ పెట్టాలంటే ఎత్తుకు పెట్టకండి, పిల్లలు తమ చేతులతో పేర్చినదానికి పెట్టండి. పూలను సంచుల్లో వేయకండి. పక్క ఊరి చెరువుకు ముందే అనుమతి అడగండి, లేదా ఎవరి పెరట్లోనైనా చెట్ల మొదట్లో వేయండి.

మనవరాలు ఈసారి సద్దులకు వస్తానంది. విమానం టికెట్టు శనివారానికి తీసుకుంటానంటే వద్దన్నాను. సద్దులు ఏ రోజో నేను చెబుతాను, ఆ రోజుకు ముందు రోజు దిగు, గునుగు కోయాలి అన్నాను. కొలంబస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు కూడా ఇదే చెబుతున్నాను. హాలు దొరకలేదని ఊరుకోకండి. ఎంగిలిపూల సాయంత్రం ఆరింటికి మా గరాజు తలుపు ఎత్తే ఉంటుంది. పూలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, గోల్డెన్‌రాడ్ ఫ్రీవే పక్కన కాకుండా లోపలి రోడ్ల మీద కోయండి, అక్కడ దుమ్ము తక్కువ. గుమ్మడాకులు నా దగ్గర ఉంటాయి. పాటలు రావని వెనక నిలబడకండి, రెండు చుట్లు తిరిగేసరికి అవే వస్తాయి.